ఆఖరి పేరు

మా తమ్ముడు ప్రహ్లాద తెలివైనవాడు. అందుకే వాణ్ని నేను నమ్మను.

చిన్నప్పుడు మా అమ్మ వేరుశనక్కాయలు ఉడకేసి, అక్కాతమ్ముళ్ళు సమానంగా పంచుకోండని వాడి ముందు పెట్టేది. వాడు పంచేవాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా రెండు కుప్పలూ సమానమే. ఒలిచాక చూస్తే నా కుప్పలో గింజలేని కాయలే ఎక్కువ ఉండేవి. లెక్కలో తప్పుండదు, లెక్కపెట్టిన దాంట్లో ఉంటుంది మోసం. ఆ పాఠం నాకు పలక పట్టిన రోజుల్లోనే వంటబట్టింది.

అలాంటివాడు ఒకరోజు మా అకాడమీకి వచ్చి, ఆటగత్తె సత్తాను ఉన్నది ఉన్నట్టు తూచే యంత్రం కనిపెట్టానక్కా అంటే, నాకు ఆ ఉడకేసిన కాయలే గుర్తొచ్చాయి.

అనంతపురం దాటి కదిరి రోడ్డులో కొంతదూరం పోతే మా అకాడమీ ఉంటుంది. ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పుతాం. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందంటే నమ్మని చోట ఇదొక వింత. రోడ్డున పోయేవాళ్ళు ఆగి, ఆ బ్యాటేంది మేడమ్, రోకలిబండ మాదిరి ఉండాది అని అడుగుతారు. నేనే కోచ్‌ని. పేరు సుంకమ్మ. హాస్టల్లో పదహారు పడకలు. పదిహేను మంది పిల్లలు, పదహారోది నేను. కోచ్‌కి క్వార్టర్స్ కట్టిస్తామని చేరినప్పుడు చెప్పారు. ఆ పునాది గుంతలో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. నేను పిల్లల మధ్యే పడుకుంటున్నాను.

ప్రహ్లాద తన యంత్రాన్ని పాత బ్యాడ్మింటన్ షెడ్డులో పెట్టుకున్నాడు. దానికి 'బదులు' అని పేరు పెట్టాడు. మైదానం చుట్టూ ఎనిమిది స్తంభాలు పాతించి, ఒక్కోదానికి ఒక కన్ను తగిలించాడు. పిల్లలందరికీ పల్చటి బనీన్లు ఇచ్చాడు. ఆ బనీను వేసుకున్న పిల్ల ఎంత ఊపిరి పీల్చింది, గుండె ఎంత కొట్టుకుంది, చెయ్యి ఎప్పుడు వణికింది, చూపు ఎటు పోయింది, అన్నీ దానికి తెలిసిపోతాయి. వినగానే నేను కసిరాను. పిల్లల గుండెల్లోకి దూరి చూడ్డానికి నువ్వెవడివిరా అన్నాను.

"నువ్వు చూడ్డంలేదా ఏందక్కా? రోజూ చూసి, బోర్డు మీద వరస కట్టి రాస్తాండావు గదా," అన్నాడు వాడు. "ఏ లెక్కన రాస్తాండావు?"

దానికి నా దగ్గర జవాబుంది. యశోద మా పిచ్చర్. బంతి ఆమె చేతిలోంచి వదిలితే ఎదుటి పిల్ల బ్యాటుకు గాలి తప్ప ఏమీ తగలదు. ఎంతమందిని అలా ఉత్త చేతులతో వెనక్కి పంపిందో లెక్కపెడితే చాలదా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. కొట్టిన బంతిని పరిగెత్తి పట్టుకున్నవాళ్ళ మాటేంటన్నాడు. అయితే పిచ్చర్ ఎన్ని పరుగులిచ్చిందో చూడమన్నాను. వెనక పట్టేవాళ్ళు గట్టివాళ్ళయితే చెత్త పిచ్చర్ కూడా గొప్పదనిపిస్తుందన్నాడు. బ్యాటింగ్ సగటు చూడరా అన్నాను. పరిగెత్తి ఆగే బేసుల మీద ఎవరూ లేనప్పుడు కొట్టిన దెబ్బా, ఇద్దరు కాచుకుని ఉన్నప్పుడు కొట్టిన దెబ్బా ఒకటేనా అక్కా అన్నాడు. వాడితో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు.

"కూరలో ఉప్పు విలువ ఎంతో తూచి చెప్పలేవు," అన్నాడు చివరికి. "ఒక పూట వెయ్యకుండా తిని చూడు. అప్పుడు తెలుస్తాది."

యంత్రం చేసేది అదే. జరిగిన మ్యాచ్‌ని తన కడుపులో మళ్ళీ ఆడిస్తుంది. కాకపోతే ఒక పిల్లను తీసేసి, ఆమెకు బదులు ఏ గొప్పా లేని ఒక సాదా పిల్లను నిలబెడుతుంది. అలా వేలసార్లు ఆడించి, ఆ పిల్ల లేకపోతే జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఓడిపోయేదో చెబుతుంది. మిగతా పిల్లల ఊపిరీ వణుకూ కూడా దానికి తెలుసు కాబట్టి, ఒకరు పోతే ఇంకొకరు ఎలా మారతారో కూడా కలుపుకుంటుంది.

ఆ యేడు మార్చికల్లా మేము తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి రెండు ఓడాం. అంతకు ముందు యేడు గెలిచినవి రెండే. ఏప్రిల్‌కి ఇంకా నెల ఉందనగా, ప్రహ్లాద నన్నూ కార్యదర్శి రుద్రముని సార్‌నీ షెడ్డుకి పిలిచాడు. రుద్రముని సార్ సేల్స్‌టాక్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరైనా నమస్కారం పెడితే ఎందుకు పెట్టారా అని ఆలోచించే మనిషి. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరేది.

తెర మీద పేర్లు వచ్చాయి. యశోద లేకపోతే రెండు మ్యాచ్‌లు ఓడిపోయేవాళ్ళం. బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ షాహీన్ లేకపోతే ఒకటి. చాలామందికి సున్నా. అందరికంటే పైన ఒక పేరుంది.

మారెక్క. ఏడు.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను.

మారెక్కది రాయదుర్గం వైపు ఊరు. వాళ్ళ నాయన గొర్రెలు కాస్తాడు. అవ్వ పేరు పెట్టుకున్నారు. పొడవాటి పిల్ల, పొడవాటి చేతులు. ఆ చేతులు చూసే తీసుకున్నాను. తీరా చూస్తే బ్యాటును కుక్కను అదిలించినట్టు తిప్పుతుంది. ఒకసారి బంతి తగిలితే ఆనందం పట్టలేక మూడో బేసు వైపు పరిగెత్తింది. పోవలసింది మొదటి బేసుకి. మైదానం మొత్తం నవ్వింది, అందరికంటే ఎక్కువ తనే నవ్వింది. పిల్లలు ఆమెను ఆటలో అరటిపండు అంటారు. మ్యాచ్‌లో ఒక్క బంతి ఆడింది లేదు. బెంచీ మీద కూర్చుంటుంది. అందరి నీళ్ళ సీసాలూ మోస్తుంది.

మెస్ బయట ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. నెలనెలా ట్రయల్స్ పెట్టి అందరి పేర్లూ వరసగా అందులో నేనే రాస్తాను. యేడాది పొడుగునా ఆఖరి పేరు మారెక్కదే. ఆఖరి పేరుకి మా దగ్గర ఒక అర్థముంది. ప్రతి ఏప్రిల్‌లో హాస్టల్లో ఒక పడక ఖాళీ కావాలి. రుద్రముని సార్ పెట్టిన నియమం. కొత్త పిల్లకు చోటు కావాలిగా అంటాడు. బోర్డులో ఆఖరి పేరు ఎవరిదైతే వాళ్ళు పెట్టె సర్దుకోవాలి. ఇంటికి పోతే ఏమవుతుందో పిల్లలకు చెప్పనక్కర్లేదు. కిందటేడు పోయిన పిల్ల ఇప్పుడు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతోంది.

యంత్రం చెడిపోయిందిరా అన్నాను తమ్ముడితో. వాడు తల అడ్డంగా ఊపి, మేము ఓడిన రెండు మ్యాచ్‌ల తేదీలు చూపించాడు. ఆ పదిహేను రోజులూ మారెక్కకు ఆటలమ్మ పోసి ఊరికి పంపించాం, ఇక తిరిగి రాదనే పిల్లలు అనుకున్నారు. ఆమె లేని మ్యాచ్‌లు రెండే. రెండూ ఓడాం.

రుద్రముని సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది ఆయనకు అనుమానం వచ్చినప్పటి అలవాటు.

"బెంచీ మీద కూర్చునే పిల్ల ఏడు మ్యాచ్‌లు గెలిపిస్తాదా? సైగలు చేస్తాంది సుంకమ్మా. అవతలి క్యాచర్ వేళ్ళతో ఏ బంతి వెయ్యాలో చెప్తాది గదా, అది చూసి మనోళ్ళకు అందిస్తాంది. ఇది దొంగాట. బయటపడితే జట్టునే ఊడగొడతారు."

నాకూ సగం నిజమే అనిపించింది. ఊరికే నవ్వే పిల్లలంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. పైగా ఈమధ్య సంచీలో బంతులు తగ్గుతున్నాయి. వంటమనిషి ఓబులేసు అమ్ముకుంటున్నాడనుకున్నాను. ఇప్పుడు మనసు మారెక్క మీదికి పోయింది.

తర్వాతి మ్యాచ్ కర్నూలు జట్టుతో. ఎండ మొహం మీద పడుతోందని వంక చెప్పి, బెంచీని వెనక్కి తిప్పించాను. మారెక్క మైదానానికి వీపు పెట్టి కూర్చుంది. అవతలి క్యాచర్ వేళ్ళు కాదు గదా, మనిషే కనబడదు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. గోడ మీద తొండను చూస్తూ కూర్చుంది. మేము గెలిచాం.

అయితే మాటలతో చెబుతోందేమో. ఆ తర్వాతి ఆటకి, గొంతు బొంగురుపోయిందే, మాట్లాడకు అని నోట్లో నిమ్మబిళ్ళ పెట్టించాను. పిల్ల పొద్దంతా బిళ్ళ చప్పరిస్తూ చేతులు కట్టుకుని కూర్చుంది. గెలిచాం. కళ్ళు కాదు, నోరు కాదు. ఏం చేస్తోందో అంతుపట్టక నాకు తిక్క లేచింది.

రుద్రముని సార్‌కి నాకంటే ఎక్కువ తిక్క లేచింది. వారం రోజులు ఆ పిల్లను ఊరికి పంపు, ఆమె పడకలో వేరే అమ్మాయిని పెట్టి చూద్దాం అన్నాడు. ధర్మవరం నుంచి ఒక పిల్ల వచ్చింది. మారెక్కకంటే వెయ్యిరెట్లు నయం. మారెక్క పెట్టె పట్టుకుని బస్సెక్కింది. ఎందుకు పంపుతున్నారని అడగలేదు. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆ వారం మా జట్టును చూసినవాళ్ళు మా జట్టు అనుకోరు. పక్కూరి హైస్కూలు పిల్లలతో ప్రాక్టీసు పెడితే, యశోద చేతిలో బంతి నిలవలేదు. ఒకటి నేలకేసి కొట్టింది, ఇంకోటి షాహీన్ తల మీదుగా పోయింది. షాహీన్ చేతిలో పడిన బంతులు కూడా జారిపోయాయి. ఎవరికి బంతి వచ్చినా ముందు నా మొహం చూస్తున్నారు, తర్వాతే బంతిని చూస్తున్నారు. బ్యాటు పట్టిన మొదటి రోజు కూడా వాళ్ళు అంత చెత్తగా ఆడలేదు.

ఆ సాయంత్రం మెస్‌లో భోజనాలు గబగబా అయిపోయాయి.  పిల్లలు లేచి చేతులు కడుక్కుని బోర్డు ముందు ఆగి, పేర్లు చదువుకుని పోతున్నారు. మారెక్క పేరును నేనే తుడిచేశాను. షాహీన్ మాత్రం తినకుండా కూర్చుంది. దగ్గరికి పోయాను.

"మేడమ్, మారెక్క తిరిగొస్తాదా?" అంది.

నీకెందుకే అన్నాను.

"అది ఉన్నన్నాళ్ళూ బంతి జారినా పోనీలే అనుకుంటాంటిమి. పోయేది అదే గదా. నాకు బ్యాటు సరిగా రాదు, ఇప్పుడు ఆఖరి పేరు నాది మేడమ్. బంతి వస్తాంటే మా ఇల్లు కనబడతాంది."

నేను ఆ పిల్ల పళ్ళెంలోకి మజ్జిగ పోసి బయటికి వచ్చేశాను. సైగలూ లేవు, మాటలూ లేవు. మారెక్క ఏమీ చెయ్యలేదు. ఆఖర్న ఉంది, అంతే. పోయేదెవరో యేడాది ముందే తెలిసిపోవడంతో, మిగతా పద్నాలుగు మందికీ ఆ యేడు భయం లేకుండా పోయింది. అందుకే అంత ఆడారు.

పొద్దున్నే షెడ్డుకి పోయి తమ్ముడికి చెప్పాను. వాడు వెంటనే యంత్రం ముందు కూర్చున్నాడు. మారెక్క ఉన్నట్టే ఉంచి, ఆమె పడక మాత్రం ఖాయమైనట్టు, ఏప్రిల్‌లో వేరెవరో పోతారన్నట్టు పెట్టి ఆడించాడు. తెర మీద అందరి ఊపిరీ పెరిగింది. చేతుల వణుకు పెరిగింది. మారెక్క పక్కన ఏడు పోయి సున్నా వచ్చింది.

వాడు ఆ సున్నా మీద వేలు పెట్టాడు. తన యంత్రం గెలిచినందుకు గంతులేస్తాడనుకున్నాను. వెయ్యలేదు.

"ఆ పిల్ల విలువ ఆ పిల్లలో లేదక్కా," అన్నాడు. "పోతాది అనేదాంట్లో ఉంది. బహుమానంగా పడక ఇస్తే పోయే విలువ ఇది."

ఈ మాట రుద్రముని సార్‌కి చెప్పక తప్పలేదు. చెప్పకపోతే ఆయన లెక్కలో మారెక్క దొంగ. చెప్పినందుకు మనసు కరుగుతుందని నేనేమీ ఆశపడలేదు గానీ, ఆయన ఇంత తెలివైనవాడని మాత్రం అనుకోలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, మెల్లగా చెప్పాడు. మారెక్కను వెనక్కి పిలవండి. పేరు ఆఖర్నే ఉంచండి. ఏప్రిల్‌లో పోతుందని అందరూ అనుకోనివ్వండి, ఆమె కూడా అనుకోనివ్వండి. ఆఖరి రోజున నేను దయతలిచి ఉంచేస్తాను. వచ్చే యేడు మళ్ళీ అదే. పిల్లకు పడక దక్కుతుంది, మనకు కప్పు దక్కుతుంది.

అయితే ఆ నియమమే తీసేయండి సార్, ఎవరికీ భయం ఉండదు గదా అన్నాను. భయం లేకపోతే ఎవరాడతారు సుంకమ్మా అన్నాడు. తెర మీద పిల్లల వణుకు గురించి చెప్పిందంతా ఆయన చెవికెక్కలేదు.

"ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో," అన్నాడు లేస్తూ. "ఆ పిల్ల ఆఖర్నుంచి పైకి రాకూడదు. వచ్చిందంటే మనకు పనికిరాదు, పంపించేస్తా. నువ్వు ఎక్కువ నేర్పించొద్దు."

 మనసులో బండబూతులు తిట్టాను. కానీ నోరు తెరవలేదు. ఎందుకంటే ఆ ఏర్పాటులో మారెక్క పడక నిలబడుతుంది. గార్మెంట్లకు పోకుండా ఉంటుంది. ఆ ఆశ చూపించి నా నోరు కట్టేశాడు ఆ పెద్దమనిషి.

ధర్మవరం పిల్ల వెనక్కి పోయింది, మారెక్క వచ్చింది. వాళ్ళ అమ్మ చేసిన బొరుగుల ఉండలు అందరికీ పంచింది. బోర్డు కింద మళ్ళీ ఆమె పేరు రాశాను. చాక్‌పీసు రెండుసార్లు విరిగింది. ఆ సాయంత్రమే యశోద బంతి పాములా మెలికలు తిరిగి పోయింది. పిల్లలు పగలబడి నవ్వుకున్నారు. నాకు ఆ నవ్వు వినబుద్ధి కాలేదు.

రెండ్రోజులకు సంచీలో మళ్ళీ బంతులు తగ్గాయి.

ఈసారి ఊరుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలందరూ చదువుకునే వేళ, వంటగది తలుపు చాటున నిలబడి ఓబులేసును కనిపెట్టాను. ఓబులేసు పాపం గురకపెట్టి నిద్రపోతున్నాడు. నీళ్ళట్యాంకు వైపు నుంచి ఠప్పు ఠప్పుమని చప్పుడు వస్తోంది. చెప్పులు విడిచి పోయి చూశాను.

మారెక్క. ట్యాంకు గోడ మీద బొగ్గుతో ఒక పెట్టె గీసుకుంది. కాళ్ళ దగ్గర మా బంతులు. ఒక్కోటీ తీసి విసురుతోంది. విసిరిన ప్రతి బంతీ ఆ పెట్టెలోనే పడుతోంది. గోడకు తగిలి తిరిగొచ్చిన బంతిని బ్యాటుతో కొడుతోంది. కుక్కను అదిలించడం లేదు. భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యంతా ఒకటే ఊపుగా వస్తోంది. ఆ పొడవాటి చేతులు ఎందుకున్నాయో నాకు అప్పుడు మళ్ళీ తెలిసొచ్చింది.

నన్ను చూసి బ్యాటు కింద పెట్టేసింది. బంతులు దొంగిలించలేదు మేడమ్, సాయంత్రానికి పెట్టేస్తాను అంది. ఎప్పట్నుంచే ఇది అన్నాను. ఆటలమ్మ తగ్గి తిరిగొచ్చినప్పట్నుంచీ అంది. ఊళ్ళో గొర్రెల వెంట తిరుగుతుంటే, ఇక జన్మంతా ఇదే గదా అనిపించిందట. అప్పట్నుంచి రోజూ, అందరూ పుస్తకాల ముందు ఉన్నప్పుడు ఇక్కడికి వస్తోంది.

"బోర్డు మీద ఒక్క పేరన్నా దాటితే చాలు మేడమ్. నన్ను పంపరు గదా?"

 దాటితే పంపుతారే తల్లీ, దాటకపోతేనే ఉంచుతారు. ఈ మాట ఏ నోటితో చెప్పను? బాగుపడొద్దని ఏ కోచ్ ఏ పిల్లకు చెబుతుంది? నా మీద నాకే అసహ్యమేసింది. మోచెయ్యి కొంచెం పైకెత్తు అని మాత్రం చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

ఏప్రిల్ ట్రయల్స్ రోజు రుద్రముని సార్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ప్రహ్లాద షెడ్డులో యంత్రం ముందున్నాడు. యశోద బంతులు వేస్తోంది. ఒక్కొక్కరే వచ్చి ఆడి పోతున్నారు. బెంచీ మీద సందడిగా ఉంది. మారెక్క వంతు వచ్చేసరికి అందరూ ముందే నవ్వడం మొదలుపెట్టారు. ఈసారి ఏ బేసుకి పరిగెత్తుతావే అని ఎవరో అరిచారు. మారెక్క కూడా నవ్వింది.

సరిగ్గా వెయ్యి, దయ చూపించావంటే ఊరుకోను అని యశోదకు చెప్పాను. మొదటి బంతి మారెక్క వదిలేసింది. రెండోది కొట్టింది.

బంతి యశోద తల మీదుగా, మేకలు పడుకునే పునాది గుంత కూడా దాటి, రోడ్డు మీద పడింది. మారెక్క మొదటి బేసుకే పరిగెత్తింది. రెండు, మూడు తిరిగి, మొదలుపెట్టిన చోటికి వచ్చి నిలబడింది.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

బెంచీ మీద నవ్వు ఆగిపోయింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. షాహీన్ క్యాచర్ ముసుగు తియ్యలేదు. లోపల ఏడుస్తోందని భుజాలు చెబుతున్నాయి. మారెక్క వాళ్ళందరినీ చూసింది. ఒకటికి రెండుసార్లు చూసింది. ఆ పిల్ల మొహంలో సంతోషం కొంచెం కొంచెంగా దిగిపోవడం నేను చూశాను. నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"లెక్కలోకి తీసుకోవద్దు మేడమ్. గాలికి తగిలింది. ఇంకోసారి వెయ్యమనండి. ఈసారి కొట్టను."

 పదిహేనేళ్ళ పిల్ల. ఏ యంత్రమూ చూపించకుండానే, ఎవరూ చెప్పకుండానే, తన విలువ ఎంతో, దేంట్లో ఉందో తెలుసుకుంది. తెలుసుకుని, ఇచ్చేస్తానంటోంది.

ఉండవే ఇక్కడ అని, గబగబా మెస్ దగ్గరికి నడిచాను. ఎక్కడికని రుద్రముని సార్ అడిగాడు. నేను ఆగలేదు. చాక్‌పీసు తీసుకుని బోర్డులో అందరికంటే కింద పెద్ద అక్షరాలతో రాశాను. సుంకమ్మ.

ఆయన కుర్చీ వదిలి వచ్చాడు. "ఏం చేస్తాండావు?"

"పదహారు పడకల్లో ఒకటి ఖాళీ కావాలని గదా సార్ మీ నియమం? పదహారోది నాది. నేను ఖాళీ చేస్తాండా."

అది పిల్లల కోసం పెట్టిన నియమం అన్నాడు. పిల్లల పడకే అని యాడుంది సార్, చూపించండి అన్నాను. కోచ్ రాత్రిళ్ళు హాస్టల్లో లేకపోతే ఎలా అన్నాడు. క్వార్టర్స్ కట్టించండి, పునాది ఎట్లాగూ ఉంది, మేకల్ని లేపితే చాలు అన్నాను. వచ్చే యేడు ఏం చేస్తావన్నాడు. వచ్చే యేడు సంగతి వచ్చే యేడు అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాలో ఏ మోసముందా అని వెతుకుతున్నాడు పాపం.

తిరిగి మైదానంలోకి వచ్చి పిల్లలందరికీ వినబడేలా చెప్పాను. ఈ యేడు ఆఖరి పేరు నాది. పోయేది నేను, మా తమ్ముడింటికి. పొద్దున బస్సుకు వస్తాను, రాలేదని ఎవరైనా పండుకున్నారంటే వీపు చీరేస్తాను. వాళ్ళు నమ్మలేదు. నాలుగైదుగురు బోర్డు దాకా పరిగెత్తిపోయి చూసి వచ్చారు. షాహీన్ ముసుగు తీసి ముక్కు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"వెయ్యవే," అన్నాను యశోదతో. మారెక్క వైపు తిరిగాను. "కొట్టు. కొట్టకుండా వదిలావంటే నిజంగానే పంపించేస్తా."

యశోద వేసింది. బ్యాటు చప్పుడు విన్నాను. బంతి ఎక్కడ పడిందో చూడలేదు. నేను బెంచీనే చూస్తున్నాను. ముందు ఒకరు ఈల వేశారు. తర్వాత అందరూ లేచి నిలబడి, పరిగెత్తవే పొడుగుదానా అని అరవడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం నా పెట్టె పట్టుకుని తమ్ముడింటికి పోయాను. మా మరదలు ఇందుమతికీ నాకూ ఉప్పూ నిప్పూ. ఎన్నాళ్ళుంటారు వదినా అంది గుమ్మంలోనే. ఉన్నన్నాళ్ళు అన్నాను. నా పరుపు వంటగది పక్కన వేసింది. అక్కడ దోమలెక్కువని ఆమెకు తెలుసు.

ప్రహ్లాద చాలాసేపటికి వచ్చాడు. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా ఎదురుగా కూర్చుని, మారెక్కను ఇప్పుడు మళ్ళీ తూచానక్కా, రెండొచ్చింది, యశోదతో సమానం అన్నాడు. ఆ రెండు ఆ పిల్లవే, ఎవరూ తీసుకోలేరు అన్నాడు. సరేలే అన్నాను. ఇంకో లెక్క కూడా వేశానన్నాడు.

"నీ బదులు ఒక సాదా కోచ్‌ను పెట్టి ఆడించినానక్కా. ఎంత వచ్చిందో చెప్పనా?"

వాడి మొహం చూశాను. చెప్పాలని ఉబలాటపడుతున్నాడు. మంచి అంకే అయి ఉంటుంది. చిన్నప్పుడు వాడు పంచిన కాయల కుప్పలు కూడా ఎప్పుడూ బాగానే ఉండేవి.

ఇందుమతిని పిలిచి, సంగటి పెట్టమ్మా, ఆకలేస్తోంది అన్నాను.